హిమాలయన్ మీద కారు సెట్: ఒకే బండికి రెండుసార్లు ఫిట్టింగ్

"అన్నయ్యా, కారు అమ్మేశానండి. సెట్ మాత్రం ఇవ్వలేదు, విప్పి దాచుకున్నాను. దీన్ని బండికి పెట్టగలరా?" అంటూ ఆ కుర్రాడు సంచిలోంచి పాటలు, మ్యాపు చూపించే 7 అంగుళాల తెర ఉన్న ఆండ్రాయిడ్ సెట్ తీసి నా బల్ల మీద పెట్టాడు. బయట అతని రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 నిలబడి ఉంది. 2019 మోడల్. చక్రాలకి చెరువు గట్టు మట్టి ఎండిపోయి ఉంది.

విజయవాడ ఆటోనగర్‌లో 20 ఏళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. కారు సెట్లు వందల్లో బిగించాను గానీ మోటారు సైకిల్‌కి ఇంత పెద్ద సెట్ పెట్టమని అడిగినవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లలో చాలామందిని ఫోన్ హోల్డర్ పెట్టుకోమని పంపించేశాను. ఇతన్ని పంపలేకపోయాను. రొయ్యల చెరువులకు సలహాలిచ్చే ఉద్యోగం అతనిది. కైకలూరు, ఆకివీడు, భీమవరం చుట్టూ రోజుకి పది పన్నెండు చెరువులు తిరుగుతాడు. గట్ల మీద దారికి ఊరి పేరు ఉండదు, బోర్డు ఉండదు. ప్రతి చెరువునీ మ్యాపులో గుర్తు పెట్టుకుని దాన్ని చూసుకుంటూ వెళ్లాలి. హ్యాండిల్ మీద ఫోన్ పెడితే మధ్యాహ్నానికి వేడెక్కి ఆరిపోతోందట. వాన పడితే ఫోన్ జేబులోకి, జేబులోకి వెళ్తే దారి తప్పటం. దానికి తోడు ఇంజిన్ వణుకు. మోటారు సైకిల్ వణుకుకి ఫోన్ కెమెరాలు పాడవచ్చని ఆపిల్ సంస్థే 2021 సెప్టెంబరులో రాతపూర్వకంగా హెచ్చరించింది. చెరువులో నీటి రంగు, రొయ్య పేగు ఫోటోలు తీసి రైతుకి పంపటమే ఇతని పని. కెమెరా పోతే పని పోయినట్టే.

కంపెనీలు చేయలేదని కాదు. హోండా గోల్డ్ వింగ్‌కి 2006లోనే కంపెనీ నుంచే నావిగేషన్ వచ్చింది, 2018లో ఐఫోన్‌ని బండి తెర మీద చూపించే కార్‌ప్లే కూడా వచ్చింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020 నవంబరులో మీటియర్ 350తో ట్రిప్పర్ అనే చిన్న గుండ్రటి నావిగేషన్ మీటరు తెచ్చింది. 2023లో వచ్చిన హిమాలయన్ 450కి 4 అంగుళాల గుండ్రటి తెర మీద గూగుల్ మ్యాపే కనిపిస్తుంది. కానీ ఇతని బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇవి తేకముందుది. చేతిలో ఉన్నది కారు సెట్.

కారు సెట్ తయారు చేసినవాళ్లు కొన్ని సంగతులు ముందే ఉన్నాయనుకుని చేస్తారు. నెత్తిన రేకు కప్పు ఉంటుంది, ముందు అద్దం ఉంటుంది, 35 యాంపియర్-అవర్లకు తగ్గని బ్యాటరీ ఉంటుంది, స్పీకర్లకు తలుపులే డబ్బాలవుతాయి. ఇవేవీ సెట్‌తో పాటు అట్టపెట్టెలో రావు. బైక్ మీదకి తెచ్చినప్పుడు వీటన్నిటికీ బదులు మనమే కట్టుకోవాలి. ఈ బండికి నేను కప్పు కట్టాను, డబ్బాలు కట్టాను. బ్యాటరీ సంగతిలో మాత్రం తప్పు చేశాను. ఈ కేసు రాయటానికి అసలు కారణం అదే.

చోటు, పెట్టె

హిమాలయన్ 411లో మాకు కలిసొచ్చింది ఒకటుంది. దాని హెడ్‌లైటు, మీటర్లు, ముందు అద్దం అన్నీ ఫ్రేముకే బిగించి ఉంటాయి, హ్యాండిల్‌తో పాటు తిరగవు. కాబట్టి కిలో పైన బరువున్న సెట్‌ని హ్యాండిల్ మీద మొయ్యక్కర్లేదు, ప్రతి మలుపుకీ వైర్లు నలగవు. మీటర్ల పైన, అద్దం వెనక చోటు కొలిచి చూశాం. డబుల్ డిన్ (కార్లలో వాడే పెద్ద సైజు) సెట్ ముఖం దాదాపు 178 మిల్లీమీటర్ల వెడల్పు, 102 ఎత్తు. హ్యాండిల్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పి, క్లచ్ తీగ, బ్రేక్ గొట్టం ఎక్కడా తగలకుండా అట్టతో నమూనా చేసుకున్నాం. ఫ్రేముకి బెజ్జం వెయ్యనని, వెల్డింగ్ పెట్టనని ముందే చెప్పాను. ఉన్న బోల్టులకే క్లాంపులు పడాలి, రేపు విప్పితే బండి మొదటిలాగే ఉండాలి. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు ఇచ్చింది. ఆ సంగతి తెలిసి కూడా ఫ్రేము కోసేవాళ్లు ఉన్నారు. నేను చెయ్యను.

పెట్టె 2 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుతో చేశాం. ఇక్కడ చిక్కుముడి ఏమిటంటే, కారు సెట్‌కి నీటిని ఆపే గుణం ఏమాత్రం ఉండదు కాబట్టి పెట్టెని బిగుతుగా మూయాలి. మూస్తే లోపల ఉడికిపోతుంది. సెట్ వెనక స్పీకర్లను నడిపే చిప్పు, అంటే యాంప్లిఫయర్ ఐసీ, తన వేడిని రేకుకి ఇస్తుంది. ఆ రేకుకి గాలి తగలాలి. అందుకని సెట్ వెనక భాగం పెట్టె వెనక గోడకి థర్మల్ పేస్టుతో ఆనేలా చేసి, ఆ గోడకి బయటవైపు రెక్కల హీట్ సింక్ బిగించాను. వేడి బయటికి పోతుంది, నీళ్లు లోపలికి రావు. తెర చుట్టూ రబ్బరు ఫోమ్ వాసరు. అడుగున 3 మిల్లీమీటర్ల బెజ్జం ఒకటి, చెమ్మ దిగిపోవటానికి. తెర పైన 60 మిల్లీమీటర్ల గొడుగు రేకు, దానికి మెరుపు లేని నల్ల రంగు. మధ్యాహ్నం బండిని ఎండలో నిలబెట్టి లోపల వేడి కొలిచే థర్మోకపుల్ పెట్టి చూస్తే 68 డిగ్రీలు చూపించింది. నడుస్తుంటే 54. నిలబడ్డప్పుడు వెండి రంగు కవరు కప్పి తీరాలని చెప్పాను, కుట్టించుకున్నాడు.

వణుకు గురించి రెండు ముక్కలు. ఈ ఇంజిన్‌లో అదురు తగ్గించే బ్యాలెన్సర్ ఉంది గానీ ఒకే సిలిండర్ కదా. 4000 ఆర్‌పీఎం దగ్గర క్రాంకు సెకనుకి 66 సార్లు పైగా తిరుగుతుంది, ఆ అదురు సెట్ వెనక ఉన్న ప్రతి పిన్నుకీ అందుతుంది. పెట్టెని నాలుగు రబ్బరు బుష్‌ల మీద కూర్చోబెట్టాను. కనెక్టర్లకు సిలికాన్ పట్టీ వేశాను. జాయింట్లు అన్నీ క్రింపింగే (లోహపు తొడుగు నొక్కి బిగించటం), ఒక్కచోట కూడా సోల్డరింగ్ లేదు. చాలామంది సోల్డరింగ్ పెడితేనే గట్టి పని అనుకుంటారు. కరిగిన సీసం తీగ పోగుల్లోకి పాకి ఆ మేరకు వైరు పుల్లలా బిగుసుకుంటుంది. సరిగ్గా ఆ బిగుసు ఆగే చోట వణుకుకి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. పైన స్లీవ్ ఉంటుంది కాబట్టి కనపడదు. లారీల్లో, ఆటోల్లో ఇలా తెగిన వైర్లు లెక్కలేనన్ని విప్పాను.

మొదటిసారి వేసిన వైరింగ్

కారు సెట్ వెనక వైర్ల రంగులు దాదాపు అన్నిటికీ ఒకటే. పసుపు ఎప్పుడూ ఉండే 12 వోల్టులు. ఎరుపు తాళం తిప్పితే వచ్చేది. నలుపు ఎర్త్. తెలుపు, బూడిద రంగు ముందు స్పీకర్లు, ఆకుపచ్చ, ఊదా వెనకవి. నల్ల గీత ఉన్నది ప్రతి జతలో నెగటివ్. ఈ నెగటివ్‌ని ఎర్త్ అనుకుని ఫ్రేముకి కలిపితే ఐసీ కాలిపోతుంది, ఎందుకంటే ఈ సెట్లలో రెండు తీగల్లోనూ సిగ్నల్ ఉంటుంది. మా దగ్గర పని నేర్చుకునే పిల్లలకి మొదటిరోజు చెప్పే మాట ఇది.

బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరంలోపే 10 యాంపుల ఫ్యూజు పెట్టి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగాను. మీటరున్నర దూరం, పోను రాను మూడు మీటర్లు. 8 యాంపులు లాగినా ఈ వైరులో పోయేది 0.2 వోల్టుల లోపే. అదే 0.75 వైరు వేస్తే అర వోల్టు పైన పోతుంది, పాట గట్టిగా పెట్టినప్పుడల్లా తెర మసకబారుతుంది. ఎర్త్ కూడా ఫ్రేముకి కాకుండా నేరుగా బ్యాటరీ నెగటివ్‌కే తెచ్చాను.

తర్వాత బండి మీద భారం చూశాను. 2017 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్త ద్విచక్ర వాహనాలకి ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ హెడ్‌లైటు వెలగాల్సిందే. అంటే ఈ బండికి 55 వాట్లు ఎప్పుడూ పోతూనే ఉంటాయి. ఇంజిన్‌తో తిరిగి కరెంటు తయారు చేసే మ్యాగ్నెటో ఎన్ని వాట్లని కాగితాల్లో వెతికేకంటే బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూడటం నా అలవాటు. ఐడిలింగులో సెట్ ఆపి ఉంటే 13.4, సెట్ మ్యాపుతో పని చేస్తుంటే 13.2, దాని మీద పాట, బ్రేక్ లైటు, ఇండికేటర్లు కలిపితే 12.7కి దిగింది. 3000 ఆర్‌పీఎం దగ్గర అన్నీ వేసినా 14 తగ్గలేదు. నడిచే బండికి ఇబ్బంది లేదని తేలింది.

పసుపు వైరు బ్యాటరీకి నేరుగా, ఎరుపు వైరు తాళం లైనుకి. కారులో ఎలా ఇస్తామో అలాగే ఇచ్చాను. తాళం చెవి తీసేశాక క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచేది) పెట్టి చూశాను, 0.0 చూపించింది. బండి ఇచ్చేశాను.

ఆకివీడు నుంచి ఫోన్

తొమ్మిదో రోజు ఫోన్ వచ్చింది. చెల్లెలి పెళ్లి పనుల మీద నాలుగు రోజులు బండి తియ్యలేదట. అయిదో రోజు తెల్లవారి చెరువులో ఆక్సిజన్ పడిపోయిందని రైతు పిలిస్తే పరుగున వెళ్లి స్టార్ట్ నొక్కాడు. రిలే (కరెంటుతో పని చేసే స్విచ్చి) టక్ మని ఊరుకుంది. ఈ బండికి కిక్ లేదు. పైగా పెట్రోలు పంపు, ఇంజెక్షన్ కంప్యూటరు కరెంటు మీదే నడుస్తాయి. పక్కింటాయన బండి అడిగి తీసుకుని వెళ్లాడు. అతను నన్ను ఒక్క మాట అనలేదు. "ఏమైంటుందండి అన్నయ్యా?" అని మాత్రం అడిగాడు. ఆ రోజు చెరువు దక్కింది. అరగంట ఆలస్యమై ఉంటే ఒక రైతు పంట పోయేది, అందులో నా పాలు ఉండేది.

బండి తెప్పించి ఈసారి మల్టీమీటర్‌ని బ్యాటరీ నెగటివ్‌కి సిరీస్‌లో, అంటే కరెంటు మీటర్ గుండానే వెళ్లేలా పెట్టాను, 10 యాంపుల రేంజిలో. తాళం తీసి 20 నిమిషాలు ఆగాను. 70 మిల్లీ యాంపులు. సెట్ వేరు చేస్తే 2 మిల్లీ యాంపులే.

ఆండ్రాయిడ్ సెట్ తాళం తీసినా చావదు, నిద్రపోతుంది. మళ్లీ తాళం పెట్టగానే రెండు సెకన్లలో లేవాలని తన మెమరీకి కరెంటు తాగుతూనే ఉంటుంది. 70 మిల్లీ యాంపులంటే రోజుకి 1.68 యాంపియర్-అవర్లు. నాలుగు రోజులకి 6.7. ఈ బండి బ్యాటరీ మొత్తం 8 యాంపియర్-అవర్లు! అదే సెట్ అతని కారులో ఉన్నప్పుడు నాలుగు రోజుల్లో తాగింది 35లో అయిదో వంతు కూడా కాదు, కాబట్టి ఎవరికీ తెలియలేదు. సెట్‌లో లోపం లేదు. మందు మోతాదు పెద్దవాళ్లదే పసివాడికి ఇచ్చాను నేను.

కొలతలో కూడా తప్పు చేశాను. క్లాంప్ మీటర్ పెద్ద కరెంట్లకు పనికొస్తుంది. పదుల మిల్లీ యాంపుల దగ్గర దాని సున్నాయే నిలవదు, ఆ 0.0ని నమ్మకూడదు. సిరీస్‌లోనే చూడాలి. చూసేటప్పుడు పొరపాటున స్టార్ట్ నొక్కితే మీటర్ లోపల ఫ్యూజు పోతుంది, తాళం చెవి జేబులో పెట్టుకుని కొలవటం మంచిది.

రెండోసారి

పసుపు, ఎరుపు రెండూ కలిపి ఒకే రిలే మీద పెట్టాను. రిలే పిన్నుల నంబర్ల ప్రకారం 30కి ఫ్యూజు దాటిన బ్యాటరీ లైను, 87 నుంచి సెట్‌కి, 86కి తాళం లైను, 85 ఎర్త్. తాళం తీస్తే సెట్‌కి చుక్క కరెంటు అందదు. ఇందులో నష్టం ఉంది, అతనికి ముందే చెప్పాను. ప్రతిసారీ సెట్ మొదటి నుంచి లేవాలి, అర నిమిషం పడుతుంది. వాల్యూమ్ మొదటికి వస్తుంది. ఉపగ్రహాలను కూడా మళ్లీ వెతుక్కోవాలి. జీపీఎస్ ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకొకసారి చెబుతుంది, అవి పూర్తిగా అందేదాకా మ్యాపులో చుక్క కదలదు. "హెల్మెట్ పెట్టుకుని స్టాండు తీసేలోపు అయిపోతుందండి, పర్లేదు" అన్నాడు.

ఇంకో ఇబ్బంది బయటపడింది. స్టార్ట్ నొక్కినప్పుడు బ్యాటరీ వోల్టేజీ 9 దాకా పడిపోతుంది. సగం లేచిన సెట్ అక్కడ ఆరిపోయి మళ్లీ మొదలవుతోంది. మొదట వోల్టేజీ చూసి కలిసే రిలే పెట్టి చూశాను, 13.3 దాటితే కలిసి 12.8కి దిగితే విడిపోయేది. రైల్వే గేటు దగ్గర ఐడిలింగులో ఇండికేటర్ వేయగానే సెట్ ఆరిపోయింది, తీసేశాను. చివరికి రిలే కాయిల్ ముందు 8 సెకన్ల టైమరు పెట్టాను. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ అయి వోల్టేజీ నిలబడ్డాక సెట్‌కి కరెంటు వెళ్తుంది. ఇంత చిన్న వస్తువు ఇంత హాయినిస్తుందని నేను కూడా అనుకోలేదు. తర్వాత ఇంకో రెండు కార్లలో కూడా ఇదే వేశాను.

జీపీఎస్ యాంటెన్నా గురించి కూడా చెప్పాలి. నీటి భయంతో దాన్ని మొదట పెట్టెలోనే పెట్టాను, ఒక్క ఉపగ్రహం దొరకలేదు. 1575.42 మెగాహెర్ట్జ్ సంకేతం అల్యూమినియం రేకుని దాటి రాదు. యాంటెన్నాని బయటికి తీసి ముందు అద్దం కింద ప్లాస్టిక్ మీద, ముఖం ఆకాశం వైపు ఉండేలా అతికించాక నిమిషంలోపే దొరికాయి.

పాట, మాట

సెట్ మీద 50 వాట్లు నాలుగు చానెళ్లని రాసి ఉంది. 14.4 వోల్టుల మీద 4 ఓమ్ స్పీకర్‌కి చెదరని శబ్దం చానెల్‌కి 20 వాట్ల దగ్గరే ఆగుతుంది, లెక్క వేస్తే తెలిసిపోతుంది. నేను ఒక్క జతే పెట్టాను. పడవలకు వాడే రకం 4 అంగుళాల స్పీకర్లు, ప్లాస్టిక్ కోను, రబ్బరు అంచు. ట్యాంకు పక్క రాడ్లకు మూసిన డబ్బాల్లో బిగించాను. డబ్బా లేకపోతే స్పీకర్ ముందు అల, వెనక అల ఒకదాన్నొకటి మింగేసుకుంటాయి, డప్పు దెబ్బ రేకు చప్పుడులా వినిపిస్తుంది. చెరువు గట్టు మీద చెక్ ట్రే పైకి లాగి మేత చూసుకునే వేళ పాట వినటానికి ఈ జత చాలు.

నడుస్తున్నప్పుడు మాత్రం స్పీకర్ మీద ఆశ పెట్టుకోవద్దు. వేగం 60 దాటితే హెల్మెట్‌లో గాలి హోరు తప్ప ఏమీ వినపడదు. గొంతుతో చెప్పే దారి హెల్మెట్‌లోనే వినపడాలి. హెల్మెట్‌కి బ్లూటూత్ ఉంది, సెట్‌కీ ఉంది, కానీ రెండూ కలవలేదు. కారు సెట్ బ్లూటూత్ సాధారణంగా ఫోన్ నుంచి పాట తీసుకోవటానికే ఉంటుంది, ఇంకొకరికి పంపటానికి ఉండదు. రెండూ వినేవాళ్లే, చెప్పేవాళ్లు లేరు. అందుకని సెట్ వెనక ఆడియో అవుట్ పిన్నులకి చిన్న బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ తగిలించాను. తగిలించగానే యాక్సిలరేటర్‌తో పాటు పెరిగే కీచుశబ్దం మొదలైంది. ట్రాన్స్‌మిటర్‌కి హెడ్‌లైటు దగ్గరున్న వేరే చార్జర్ నుంచి కరెంటు ఇచ్చాను, ఆ చార్జర్ ఎర్త్ ఫ్రేముకి ఉంది. సెట్ ఎర్త్ బ్యాటరీ దగ్గర ఉంది. రెండు ఎర్త్‌ల మధ్య తేడా ఆడియో తీగలోకి ఎక్కుతోంది. ట్రాన్స్‌మిటర్‌ని సెట్ సొంత యూఎస్‌బీకి మార్చాక కీచు పోయింది. హెల్మెట్‌లో దారి చెప్పే గొంతు వరకే, అదీ వెనకొచ్చే హారన్ వినపడేంత తక్కువలో పెట్టి ఇచ్చాను.

వానలో తెర మీద చినుకు పడితే సెట్ దాన్ని వేలు అనుకుంటుంది. మ్యాపు దానంతటదే జరిగిపోతుంది. ఆండ్రాయిడ్ సెట్లకి స్టీరింగు బటన్ల కోసం కీ1, కీ2 అని వైర్లు ఉంటాయి. ఒక్కో బటన్‌కి ఒక్కో విలువ రెసిస్టర్ వేసి, దాన్ని ఎర్త్‌కి కలిపితే సెట్ ఆ విలువను నేర్చుకుంటుంది. 1, 2.2, 3.9, 6.8 కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో నాలుగు బటన్లు ఎడమ గ్రిప్ పక్కన పెట్టాను. శబ్దం పెంచటం, తగ్గించటం, మూయటం, మ్యాపుకి రావటం. ఇప్పుడు గ్లౌజు విప్పకుండా, కళ్లు రోడ్డు మీద నుంచి తియ్యకుండా పని జరుగుతుంది.

పార్కింగ్ బ్రేక్ అనే వైరు ఒకటి ఉంది. దాన్ని ఎర్త్ చేస్తే నడుస్తుండగా కూడా సినిమా కనిపిస్తుంది. కార్లలో చాలామంది అదే చేయించుకుంటారు. నేను దాని కొన కత్తిరించి స్లీవ్ వేసి మూసేశాను. రెండు చక్రాల మీద వెళ్లేవాడి ముందు సినిమా ఆడే సెట్‌ని నా చేత్తో బిగించను. అతను అడగలేదు, అడిగినా చెయ్యను. నడిపేటప్పుడు చేతి ఫోను లాంటివి దారి చూసుకోవటానికే, అదీ ఏకాగ్రత చెడకుండా వాడాలని 2020 అక్టోబరు నుంచి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోనే ఉంది.

ఖర్చు: పెట్టె 2,200, స్పీకర్లు డబ్బాలతో 2,400, వైరింగు సామాను 1,350, ట్రాన్స్‌మిటర్ 900, బటన్లు 450, కూలి 3,500. మొత్తం 10,800 రూపాయలు. రెండోసారి పనికి కూలి తీసుకోలేదు.

మూడు నెలల తర్వాత, దాదాపు 6,000 కిలోమీటర్లు తిరిగాక బండి తెప్పించి అన్నీ విప్పి చూశాను. తాళం తీశాక 2 మిల్లీ యాంపులే. పెట్టె లోపల పొడిగా ఉంది. కింది కుడివైపు రబ్బరు బుష్ చిట్లింది, నాలుగూ మార్చేశాను. కుడి స్పీకర్ కనెక్టర్‌లో పచ్చ చిలుము మొదలైంది, ఉప్పునీటి చెరువుల గాలి మరి. గీకి, గ్రీజు నింపి, లోపల జిగురు ఉండే స్లీవ్ వేశాను. ఎడమవైపు కనెక్టర్‌కి మొదట్లోనే గ్రీజు పెట్టి ఉన్నాను, అది కొత్తదానిలా ఉంది. కుడివైపు మర్చిపోయింది నేనే.

ఆ రోజు అతనితో పాటు వాళ్ల బావగారు అదే కంపెనీ స్క్రామ్ 411 మీద వచ్చారు, తనకీ ఇలాంటిదే కావాలని. స్క్రామ్‌కి హెడ్‌లైటు హ్యాండిల్‌తో పాటు తిరుగుతుంది. అంటే ఈ పెట్టె, ఈ క్లాంపులు దానికి పనికిరావు, వైర్లకి మెడ దగ్గర వంపు వదలాలి, బరువు సగానికి తగ్గాలి. నేనింకా ఒప్పుకోలేదు. బండి వదిలేసి వెళ్లమన్నాను, ముందు అట్టతో నమూనా చేసి చూడాలి.